ఇంట్లోని పాత రికార్డులకు మార్కులు వేసే ముందు

మీ ప్రశ్నను ఒకసారి క్లుప్తంగా చెప్పుకుందాం. కాజీపేట రైల్వేలో పనిచేసి రిటైరైన మీ బాపు కొన్న రికార్డులు అటక మీది ఇనుప పెట్టెలో దొరికాయి. పెద్ద ప్లేట్లైన ఎల్‌పీలు, ఏడంగుళాల చిన్న ఈపీలు, నిమిషానికి 78 చుట్లు తిరిగే (78 ఆర్‌పీఎం) పాత లక్క ప్లేట్లు కొన్ని, అన్నీ కలిపి వందకు పైనే. వాటి ఫొటో కూడా పంపారు. పాత సూట్‌కేసు ప్లేయర్ బాగు చేయించి, వీలైనప్పుడల్లా ఒకటి వింటూ నోట్‌బుక్కులో పదికి మార్కులు వేస్తున్నారు. ఐదు కంటే తక్కువ వచ్చినవి అమ్మేయాలని ఆలోచన. ఇప్పటిదాకా షోలే డైలాగులకు 9, పాకీజాకు 8, శంకరాభరణానికి 7, బాలమురళీకృష్ణ రామదాసు కీర్తనలకు 5, సుబ్బులక్ష్మి సుప్రభాతానికి 4, జిమ్ రీవ్స్ క్రిస్మస్ పాటలకు 3, ఘంటసాల పుష్పవిలాపానికి 2 వేశారు. ఈపీలను అసలు లెక్కలోకే తీసుకోలేదు. ఈ పద్ధతి సరైనదేనా, ఏవి ఉంచుకోవాలి అని అడిగారు.

ఇప్పుడే ఏదీ అమ్మకండి. హనుమకొండలో ఏళ్ల తరబడి రికార్డులు పోగుచేస్తూ, తెలిసినవాళ్ల ప్లేయర్లు విప్పి బిగిస్తూ వచ్చినవాడిగా చెప్తున్నాను, మీ నోట్‌బుక్కులో ఉన్న మార్కుల్లో సగం మీ సూదికి పడ్డ మార్కులు. ఒక్క అంకెలో మూడు సంగతులు కలిసిపోయాయి: ప్లేటు ఎంత అరిగింది, దాన్ని ఫ్యాక్టరీలో ఎంత బాగా ప్రెస్ చేశారు, అందులోని సంగీతం ఎంత గొప్పది. ఈ మూడూ విడివిడిగా రాసుకుంటే తప్ప ఏ రికార్డుకూ న్యాయం చేయలేం. నోట్‌బుక్కులో స్థితి, ప్రెస్సింగ్, సంగీతం అని మూడు గళ్లు గీయండి. ఇంకో మార్పు కూడా ఉంది, దాని గురించి కాసేపట్లో చెప్తాను: మార్కు పాటకు కాదు, ఆల్బమ్ మొత్తానికీ కాదు, ఒక్కో వైపుకు వేయండి.

మొదట పుష్పవిలాపం సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ 2 నన్ను నిజంగా బాధపెట్టింది. కరుణశ్రీ పద్యాలను ఘంటసాల తన గొంతులోకి తీసుకుని పాడిన రికార్డు అది. తెలుగువాళ్లు పద్యం వినే తీరునే అది మార్చింది. "గురగుర తప్ప గొంతు వినపడలేదు" అని రాశారు. మీ సూట్‌కేసు ప్లేయర్‌లో సూదిని మోసే చేతికి ముందుభాగాన, సూది బిగించి ఉండే కార్ట్రిడ్జి దగ్గర చిన్న మీట ఉందేమో చూడండి. ఆ కాలపు ప్లేయర్లలో చాలావాటికి ఉండేది. ఒకవైపు తిప్పితే ఎల్‌పీ సూది, రెండోవైపు తిప్పితే 78 సూది. 78 గాడి వెడల్పు, దానికి కావలసిన సూది మొన సుమారు 75 మైక్రాన్లు. ఎల్‌పీ సూది మొన 18 నుంచి 25 మైక్రాన్లే. సన్న సూది పెద్ద గాడిలో పడితే గోడలను తాకదు, అడుగున పేరుకున్న దుమ్మును గీకుతూ పోతుంది. మీకు వినిపించిన గురగుర అదే అయివుండాలి. తిరగేసి చేస్తే ఇంకా ప్రమాదం. 78 సూదిని ఎల్‌పీ మీద పెడితే గాడి పాడైపోతుంది, మళ్లీ బాగుపడదు. సూది ఎటువైపు ఉందో చూసుకోకుండా ఇక మీదట ఏ ప్లేటూ పెట్టకండి.

సూది సరిగ్గా పెట్టాక కూడా 78లో ఎల్‌పీ శుభ్రత రాదు, రావాలని ఆశించొద్దు. పది అంగుళాల 78 ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకో అర నిమిషం. ఆ గడువు లోపల పద్యం ఎత్తుకోవాలి, భావం పండాలి, ముగించాలి. ఘంటసాల ఆ తొందర మనకు తెలియనివ్వడు. రాగాలాపన ఎక్కడ తెంచాలో, ఏ అక్షరం మీద నిలబడాలో ముందే కొలిచి పెట్టుకున్నట్టు పాడాడు. ప్లేటు స్థితికి 5 వేసుకోండి, అభ్యంతరం లేదు. సంగీతానికి నా లెక్కలో 10.

ఇక కడగడం. మీరు ఒక పొడిగుడ్డతో తుడిచి పెడుతున్నానన్నారు. అటక మీద ఏళ్లపాటు ఉన్న ప్లేటు గాడిలో దుమ్ము పేరుకుంటుంది, బూజు కూడా పట్టి ఉంటుంది. పొడిగుడ్డతో తుడిస్తే ఆ దుమ్ము ఇంకా లోపలికి పోతుంది. మన దగ్గర బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, ఆరాక తెల్లటి పొర కడుతుంది, కాబట్టి అవి వద్దు. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ అని అడిగి తెచ్చుకోండి, యాసిడ్ డబ్బా ఇస్తారేమో లేబుల్ చూసుకోండి. లీటరు నీళ్లలో పిల్లల షాంపూ ఒకట్రెండు చుక్కలు చాలు. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ తడిపి గాడి తిరిగే దిశలోనే తుడవాలి, అడ్డంగా కాదు. మధ్యలోని కాగితం లేబుల్ తడవకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ నీళ్లతో మరోసారి తుడిచి, నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. కొంతమంది నీళ్లలో స్పిరిట్ కలుపుతారు. ఎల్‌పీలు, ఈపీలు చేసే వినైల్ ప్లాస్టిక్‌కు కొద్దిగా కలిపితే ఫర్వాలేదు గానీ, 78లకు ఒక్క చుక్క కూడా తగలకూడదు. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌కు లక్క కరిగిపోతుంది.

కడిగాక వెలుతురులో ప్లేటును ఏటవాలుగా పట్టుకుని చూడండి. కంటికి కనబడే గీతలన్నీ చెవికి వినబడవు. గోరుకు తగిలే గీత మాత్రం తప్పక వినబడుతుంది. గీత ఏమీ లేకున్నా గాడి బూడిదరంగులో కనిపిస్తోందంటే ప్లేయర్ బరువైన చేతి కింద వందలసార్లు తిరిగి అరిగిందని అర్థం. సేకరించేవాళ్లు దీన్నే మింట్, నియర్ మింట్, వీజీ (వెరీ గుడ్) ప్లస్, వీజీ, గుడ్ అని మెట్లుగా రాస్తారు. గుడ్ దాకా దిగిందంటే బాగా అరిగిందనే లెక్క. అట్టకు వేరే గ్రేడు, ప్లేటుకు వేరే గ్రేడు. అట్ట చిరిగినా ప్లేటు తళతళలాడే రికార్డులు మన ఇళ్లలో చాలా ఉంటాయి, ఎందుకంటే పిల్లల చేతికి అట్ట ఇచ్చి ప్లేటు మాత్రం పెద్దవాళ్లు పట్టుకునేవారు.

మీ సూట్‌కేసు ప్లేయర్ గురించి కూడా ఒక మాట. వాటిలో ఉండేది సెరామిక్ కార్ట్రిడ్జి, గాడి మీద నాలుగైదు గ్రాముల బరువు మోపుతుంది. మంచి మాగ్నెటిక్ కార్ట్రిడ్జికి రెండు గ్రాముల లోపు సరిపోతుంది. 78లు వినడానికి మీ ప్లేయర్ ఉంచుకోండి. ఎల్‌పీల కోసం మాత్రం మాగ్నెటిక్ కార్ట్రిడ్జి ఉన్న టర్న్‌టేబుల్ ఒకటి సంపాదించండి. దాని వైర్లు నేరుగా యాంప్లిఫయర్ ఆక్స్ (మామూలు ఇన్‌పుట్)లో గుచ్చితే శబ్దం పీలగా, బేస్ లేకుండా వస్తుంది, మధ్యలో ఆ శబ్దాన్ని పెంచి సరిచేసే ఫోనో ప్రీయాంప్ ఉండాలి. వజ్రపు సూది కూడా శాశ్వతం కాదు, 500 నుంచి 1000 గంటలు నడిచాక మార్చాలి. మీ ప్లేయర్‌లో ఉన్న సూది ఏ సంవత్సరందో ఎవరికీ తెలియదు. అదే మొదట మార్చండి.

ఇప్పుడు వైపు లెక్క. ఎల్‌పీ ఒక వైపు ఇరవై, ఇరవై రెండు నిమిషాలు ఉంటుంది. కూర్చుని, ఫోను పక్కన పెట్టి, ఆ వైపు అయ్యేదాకా లేవకుండా వినండి. రికార్డు తయారుచేసినవాళ్లు వైపు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అని ఆలోచించి వరుస పేర్చారు. పనిచేసుకుంటూ వింటే తెలిసిన పాటకు తల ఎత్తుతాం, తెలియని పాటను వదిలేస్తాం. అలా వేసిన మార్కు మనకు అంతకుముందే ఉన్న ఇష్టాన్ని తిరిగి రాసుకోవడమే అవుతుంది. ఇంకో సంగతి, ప్రతి వైపు చివరి పాటకు శబ్దం కొంచెం మసకబారితే గాయకుడి తప్పనుకోవద్దు. పన్నెండు అంగుళాల ప్లేటు అంచున గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల వేగంతో సూది కింద పరుగెడుతుంది. లేబుల్ దగ్గరికొచ్చేసరికి 20 చిల్లరకు పడిపోతుంది. అంతే సంగీతం అంత ఇరుకులో ఇమడాలి, అందుకే 'స' అక్షరాలు బుసకొడతాయి. ఈ తేడాను ప్రెస్సింగ్ గడిలో రాయండి, సంగీతం గడిలోకి రానివ్వకండి.

సుప్రభాతానికి 4 అన్నారు. 1963లో వచ్చిన రికార్డు, మీ ఇంట్లో రోజూ పొద్దున్నే పెట్టేవారని మీరే రాశారు. అంటే మీ చేతిలో ఉన్నది పెట్టెలో అన్నిటికంటే ఎక్కువ అరిగిన ప్లేటు. స్థితికి 3 వేసినా నేను కాదనను. కానీ ఆ గొంతు వినండి. సుబ్బులక్ష్మి, పక్కన సవతి కూతురు రాధ, రెండు గొంతులూ ఒకే ఊపిరిలా నడుస్తాయి. సంస్కృత సమాసాలు ఎంత పొడవున్నా ఒక్క అక్షరం నలగదు. సుప్రభాతం, స్తోత్రం, ప్రపత్తి, మంగళాశాసనం, ఈ నాలుగు భాగాలకూ నడక వేరు, ఎక్కడా తొందర లేదు. గుడి మైకులో, పెళ్లి పందిట్లో వినీవినీ దాన్ని మనం సంగీతంగా వినడం మానేశాం. ఆ అలవాటు పక్కన పెట్టి కూర్చుంటే సంగీతానికి 10 వేయక తప్పదు. ఈ రికార్డు లెక్కలేనన్ని కాపీలు ప్రెస్ అయింది, శుభ్రమైన రెండో కాపీ వెతికితే దొరుకుతుంది. అది కొనుక్కోండి, బాపు కాపీని ఉంచుకోండి.

మీ ఫొటోలో శ్రీ వేంకటేశ్వర పంచరత్నమాల అట్టలు రెండు కనబడ్డాయి. అది ఐదు ఎల్‌పీల సెట్టు, తిరుమల తిరుపతి దేవస్థానం కోసం 1979, 80 ప్రాంతంలో సుబ్బులక్ష్మి పాడారు. అన్నమయ్య కీర్తనలు కొన్నింటిని నేదునూరి కృష్ణమూర్తి గారి దగ్గర నేర్చుకుని మరీ పాడారు. అప్పటికి ఆమె వయసు అరవై దాటింది. గొంతులో 1963 నాటి మెరుపు తగ్గింది, బదులుగా ఒక నెమ్మది వచ్చింది, ఆ కీర్తనలకు అది బాగా కుదిరింది. స్తోత్రాలున్న వైపులకు నేను 8 వేస్తాను, కీర్తనలున్న వైపులకు 10. మిగతా మూడూ ఎక్కడైనా కనిపిస్తే వదలకండి.

బాలమురళి రామదాసు కీర్తనల విషయంలో మీతో గట్టిగా విభేదిస్తాను. "అన్నీ ఒకేలా ఉన్నాయి" అన్నారు. పైపైన వింటే అలాగే ఉంటాయి, ఎందుకంటే ఆయన అందులో విద్వత్తు చూపించడానికి ప్రయత్నించలేదు. మూడు స్థాయిల్లో అవలీలగా తిరిగే గొంతు ఉన్న మనిషి, ఇక్కడ మాత్రం భజన బాణీకి అంటిపెట్టుకుని, సాహిత్యం ముందుకు వచ్చేలా తాను వెనక్కి తగ్గి పాడాడు. పలుకే బంగారమాయెనా ఆనందభైరవిలో ఎత్తుకున్నప్పుడు ఆ పిలుపులో నిష్ఠూరం ఉంటుంది, కోపం ఉండదు. గోల్కొండ ఖైదులో ఉన్నవాడు రాముడితో మాట్లాడే తీరు అది. మనకు భద్రాచలం ఏటూరునాగారం దాటితే వచ్చే ఊరు. ఆ కీర్తనలు మన ఊళ్లలో ఏదో ఒక భజన మందిరంలో ప్రతి శనివారం వినబడేవే. వాటిని ఇంత శుభ్రంగా, ఇంత తేటగా మైకు ముందు పెట్టినవారు ఇంకొకరు లేరని నా నమ్మకం. సంగీతానికి 9. ఒక పని చేయండి. శంకరాభరణం ఎల్‌పీలో కూడా రామదాసు కీర్తనలున్నాయి, ఏ తీరుగ నను దయచూచెదవో వాణీ జయరాం పాడింది. రెండు రికార్డులూ ఒకే సాయంత్రం పక్కపక్కన పెట్టి వినండి. వాణీ జయరాం పాటలో సినిమాకు కావలసిన ఆర్ద్రత ఉంది, సన్నివేశం వెనక నిలబడి పాడుతున్నట్టు ఉంటుంది. బాలమురళిలో సన్నివేశం లేదు, రాముడు మాత్రమే ఉన్నాడు. రెండూ విన్నాక ఆ 5 మీకే నచ్చదు.

శంకరాభరణానికి మీరు 7 వేయడానికి కారణం ఊహించగలను. ఆ పాటలు క్యాసెట్లో, టీవీలో, ఫంక్షన్ల స్టేజీల మీద వందలసార్లు విన్నాం. 1980లో ఈ సినిమా వచ్చినప్పుడు ఆ పాటలు ఊరూరా వినబడ్డాయి. కె.వి.మహదేవన్‌కు, బాలసుబ్రహ్మణ్యానికి, వాణీ జయరాంకు ముగ్గురికీ జాతీయ అవార్డులు తెచ్చిపెట్టిన సినిమా. ఎల్‌పీలో వింటే క్యాసెట్‌లో మసకబారిన మృదంగం తేటగా విడిపడుతుంది. శంకరా నాదశరీరాపరా పాటలో బాలు ఊపిరి తీసుకునే చోట్లు వినబడతాయి. శాస్త్రీయ సంగీతం నేర్చుకోని గాయకుడు ఆ గతులను అంత ధైర్యంగా ఎలా దాటాడో అక్కడ తెలుస్తుంది. సినిమా ఎల్‌పీల్లో వైపు మొత్తం లేవకుండా వినదగ్గవి చాలా తక్కువ. ఇది వాటిలో ఒకటి, రెండు వైపులకూ 9.

పాకీజాకు 8 అన్నారు, నేను ఇంకొంచెం పైకి వెళ్తాను. సంగీత దర్శకుడు గులాం మహమ్మద్ 1968లోనే చనిపోయాడు, సినిమా 1972లో వచ్చింది. తన పాటలు దేశమంతా పాడుకోవడం ఆయన చూడలేదు. లతా గొంతు ఆ ఠుమ్రీ చాయల్లో ఎంత సున్నితంగా తిరుగుతుందో, వెనక సారంగి ఎక్కడ జవాబిస్తుందో ఎల్‌పీలో బాగా తెలుస్తుంది. సినిమాలో వాడని పాటలతో 1977లో పాకీజా రంగ్ బరంగ్ అని ఇంకో ఎల్‌పీ వేశారు, అది కూడా మీ పెట్టెలో ఉందేమో చూడండి. ఉర్దూ ఇంటింటా తిరిగిన ఊరు మనది, మండీబజార్ వైపు పాత ఇళ్లలో ఈ రికార్డు, బేగం అఖ్తర్ గజళ్లు, అజీజ్ అహ్మద్ వార్సీ ఖవ్వాలీలు పక్కపక్కనే ఉండేవి. ఆదిలాబాదు జిల్లావాడైన సామల సదాశివ గారు హిందుస్తానీ గాయకుల గురించి తెలుగులో రాసిన వ్యాసాలు చదివి ఈ రికార్డులు వింటే చెవి వేరేలా పనిచేస్తుంది. నాకు మాత్రం ఈ సంగీతానికి ఆయనే దారి చూపించారు.

షోలే డైలాగులకు 9 అన్నది సినిమాకు వేసిన మార్కు. ఇళ్లలో వీడియో లేని రోజుల్లో ఈ రికార్డు పెట్టుకుని సినిమా మొత్తం కళ్లముందు తెచ్చుకునేవాళ్లం, ఆ విలువ కాదనను. కానీ సినిమా చూడని మీ పిల్లలను కూర్చోబెట్టి ఒక వైపు వినిపించండి, పది నిమిషాల్లో లేచిపోతారు. సంగీతం గడి ఖాళీగా వదిలి, జ్ఞాపకం కింద ఉంచుకోండి. మార్కు కావాలంటే 6.

జిమ్ రీవ్స్ గురించి రెండు మాటలే. అది 1963లో వచ్చిన పన్నెండు క్రిస్మస్ పాటల ఎల్‌పీ అయితే, కాజీపేట రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాల మధ్య పనిచేసిన మనిషి దగ్గర అది ఉండటం సహజం. బాపుకు ఎవరైనా మిత్రుడు ఇచ్చి ఉండవచ్చు, అట్ట వెనక సంతకం ఉందేమో చూడండి. "మనది కాదు" అని 3 వేశారు గానీ, ఆ మనిషి మైకుకు అంత దగ్గరగా, గొంతు పెంచకుండా పాడిన పద్ధతి మన లలిత సంగీతం పాడేవాళ్లు నేర్చుకోదగ్గది. నా దగ్గర దానికి 7.

మీ ఫొటోలో మూలన కనబడిన కాల్ ఆఫ్ ది వ్యాలీని మీరు జాబితాలోనే రాయలేదు. 1967 నాటి రికార్డు. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటారు. కాశ్మీర్ లోయలో ఒక గొర్రెల కాపరి రోజు ఎలా గడుస్తుందో పొద్దుటి రాగాలతో మొదలుపెట్టి రాత్రి దాకా రాగాల వరుసలో చెప్పారు. ఎల్‌పీ అనే రూపం కోసమే ఆలోచించి చేసిన రికార్డు, అందుకే వైపు లెక్క మీకు బాగా అర్థం కావాలంటే దీంతోనే మొదలుపెట్టండి. ముక్కలుగా వింటే హాయిగా ఉందనిపిస్తుంది. వరుసగా వింటే వెలుతురు మారుతున్నట్టే ఉంటుంది. 10.

ఇప్పుడు ఈపీలు. మీరు "చిన్న ప్లేట్లు, ఆల్బమ్‌లు కావు" అని పక్కన పెట్టారు. నా దృష్టిలో మీ పెట్టెలో అసలైన సంపద అవే. 1960ల్లో, 70ల మొదట్లో తెలుగు సినిమా పాట మన ఇళ్లలోకి వచ్చింది ఈ ఏడంగుళాల ప్లేట్ల మీదే. ఎల్‌పీ కొనాలంటే జీతగాడు రెండుసార్లు ఆలోచించుకోవాలి, ఈపీ ఒకటో తారీఖున కొనుక్కోగలిగేది. రేడియో సిలోన్‌లో అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గొంతు వెనక ఒక పాట విని, దాన్ని వెతుక్కుంటూ స్టేషన్ రోడ్డు దుకాణాలకు వెళ్లిన తరం అది. అంటే ఈపీలన్నీ బాపు స్వయంగా ఎంచుకున్నవి. ఎల్‌పీల్లో కానుకలుంటాయి, ఈపీల్లో ఆయన ఇష్టం ఉంటుంది.

ఇంకా పెద్ద కారణం ఉంది. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో రచన అనే చోట ఎవరి పేరుందో చదవండి. దాశరథి కనిపిస్తాడు. మానుకోట దగ్గరి చిన్నగూడూరు కవి, నిజాంకు ఎదురుతిరిగి నిజామాబాదు జైల్లో ఉన్నవాడు. అదే చేతితో 1961లో ఇద్దరు మిత్రులుకు ఖుషీ ఖుషీగా నవ్వుతూ రాశాడు, 1964లో మూగమనసులుకు గోదారి గట్టుంది రాశాడు. ఆత్మీయులులోని మదిలో వీణలు మ్రోగె వినండి, సాలూరి రాజేశ్వరరావు బాణీ, సుశీల గొంతు. ఆ పాట ఎల్‌పీ సంకలనాల్లో కూడా ఉంది, కానీ నిమిషానికి నలభై అయిదు చుట్లు తిరిగే ఈపీలో ఆ వీణ మీటు తెగువ వేరు. వేములవాడ దగ్గరి హనుమాజీపేట నుంచి వచ్చిన సినారె 1962లో గులేబకావళి కథకు రాసిన నన్ను దోచుకొందువటే కూడా ఉందేమో వెతకండి. ఉర్దూ గజల్ నడకను తెలుగు పాటలో కలిపినవాళ్లు ఈ ఇద్దరూ. వరంగల్, కరీంనగర్ మాటల గాలి మద్రాసు స్టూడియోల్లోకి వెళ్లి, ఘంటసాల, సుశీల గొంతుల్లో తిరిగి మన ఇళ్లకు చేరింది. ఇలాంటి ఈపీ ఒక్కటి అమ్మినా నాకు కష్టంగా ఉంటుంది.

ఈపీలకు మార్కు వేసేటప్పుడు వైపుకు రెండు పాటలే ఉంటాయి కాబట్టి రెండు పాటల పొత్తు చూడండి. ఒక హిట్టు పక్కన ఏదో ఒకటి అతికించారా, లేక రెండూ కలిసి నిలబడుతున్నాయా. మూగమనసులు ఈపీ దొరికితే కె.వి.మహదేవన్ పల్లె బాణీలను ఎంత తక్కువ వాయిద్యాలతో నడిపాడో గమనించండి. 9కి తగ్గించి వేయలేరు.

మీ అసలు ప్రశ్న, ఏవి అమ్మవచ్చు. ఐదు అనే గీత తీసేయండి. సంగీతం గడిలో ఎక్కువ, స్థితి గడిలో తక్కువ వచ్చినవాటిని ఉంచుకుని మంచి కాపీ కోసం చూడాలి. రెండు గళ్లలోనూ తక్కువ వచ్చినవి నిస్సంకోచంగా వదిలేయవచ్చు. 1980ల సంకలనాలు, ఒకే పాటలు మళ్లీ మళ్లీ వచ్చే హిట్స్ ఎల్‌పీలు, మోనోలో రికార్డైన పాత పాటలకు ఎలక్ట్రానిక్‌గా స్టీరియో పులిమి మళ్లీ వేసినవి కూడా ఈ లెక్కలోకి వస్తాయి. ఆ చివరి రకంలో బేస్ ఒక మూలకు, సన్న శబ్దాలు ఇంకో మూలకు జారి పాట బోలుగా ఉంటుంది. అదే పాట మోనో ప్రతి మీ దగ్గర ఉంటే దాన్నే ఉంచుకోండి. సెట్టులోంచి ఒక్కటి తీసి అమ్మకండి. కొనేవాళ్లు మొత్తం పెట్టెకు ఒక ధర చెప్తే ఒప్పుకోకండి, వాళ్ల కన్ను నాలుగైదు ప్లేట్ల మీదే ఉంటుంది, మిగతావి లెక్కకే.

ఉంచుకున్నవి మళ్లీ అటక ఎక్కకూడదు. మే నెలలో మన ఊళ్లో స్లాబు కింద ఇనుప పెట్టె ఎంత కాగుతుందో మీకు తెలుసు. ఆ వేడికి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టిన బరువుకు వినైల్ వంగుతుంది. కింది గదిలో, ఎండ తగలని గోడ పక్కన, పుస్తకాల్లా నిటారుగా నిలబెట్టండి. పాత కాగితపు లోపలి కవర్లు తీసి పాలిథీన్ కవర్లు వేయండి. ఇప్పటికే వంగినవి ఉంటే ఎండలో పెట్టే ప్రయోగాలు చేయకుండా, చదునైన రెండు పలకల మధ్య బరువు పెట్టి కొన్ని వారాలు వదిలేయండి. కొంచెం వంపు అయితే సర్దుకుంటుంది, ఎక్కువ వంగింది బాగుపడదు. 78లను మాత్రం వేరే అరలో, నిటారుగా, వదులు లేకుండా సర్దండి, పక్కకు ఒరిగితే విరుగుతాయి. అట్టల మీద బాపు రాసుకున్న తేదీలు, దుకాణం ముద్రలు ఉంటే వాటిని చెరపకండి. ఏది ఎప్పుడు కొన్నారో నోట్‌బుక్కులో నాలుగో గడి గీసి రాసుకోండి. కొత్త సూది వచ్చాక మొదటి పది ప్లేట్ల మార్కులు పంపండి, ఎక్కడ తేడా వచ్చిందో చూసి చెప్తాను.